ఒకటే దారి ఉన్న బ్రాంచికి ఇన్ని బోర్డులెందుకండీ?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ చదువుల పేజీలో నెట్‌వర్కింగ్ కోర్సుల గురించి రాశారు, బాగానే ఉంది, కానీ చదివాక ఊరుకోబుద్ధి కాలేదు అందుకే ఈ ఉత్తరం. ఓఎస్పీఎఫ్, బీజీపీ (రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతులు), ఆపైన క్లౌడ్, ఇవి వస్తే ఉద్యోగం వచ్చినట్టే అన్నట్టుంది అందులో. మరి మాలాంటోళ్లకి దొరికే ఉద్యోగాలు ఎక్కడండీ? హైదరాబాద్‌లో హెడ్డాఫీసు, జిల్లాల్లో పదో ఇరవయ్యో బ్రాంచీలు ఉండే కంపెనీల్లో. అక్కడ పని వేరే రకం, దాని గురించి ఎవరూ చెప్పరు.

నేను రాణిగంజ్‌లో ఒక పంపుసెట్ల స్పేర్ పార్టుల కంపెనీకి నెట్‌వర్క్ చూస్తాను. జనగామ, సూర్యాపేట, సిద్దిపేట, వికారాబాద్, ఇలా మొత్తం 19 బ్రాంచీలు. బిల్లింగ్ సర్వర్ మా దగ్గరే, ప్రతి బ్రాంచి రౌటర్ నుంచి టన్నెల్, అంటే ఇంటర్నెట్ మీదుగా వేసుకున్న సొంత లైను, మా రౌటర్‌కే వస్తుంది, బ్రాంచికీ బ్రాంచికీ మధ్య ఏ లైనూ లేదు. సైకిల్ చక్రం లాగ అన్నమాట, మధ్యలో హబ్, చుట్టూ స్పోకులు. దీన్నే హబ్ అండ్ స్పోక్ అంటారు, మన దగ్గర చాలా కంపెనీలు ఇట్లాగే ఉంటాయి.

మొదట్లో అన్నీ స్టాటిక్ రూట్లే, అంటే మనమే రాసిపెట్టే దారులు. ఏ బ్రాంచి కింద ఏ నెట్‌వర్క్ ఉందో ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకుని హబ్‌లో చేత్తో కొట్టేవాణ్ణి. జనగామలో కొత్త గోడౌన్ తెరిచినప్పుడు దానికి 10.20.13.0 అనే నెట్‌వర్క్ అడ్రస్ ఇచ్చాం. హబ్‌లో కొట్టేటప్పుడు నేను 10.20.31.0 అని కొట్టాను, 13 తిరగబడి 31 అయింది. పొద్దున తొమ్మిదిన్నరకి గోడౌన్ నుంచి ఫోన్, "సార్, సర్వర్ ఓపెన్ అయితలేదు, కస్టమర్లు నిలబడ్డరు". లైన్ చూస్తే లేచే ఉంది, టన్నెల్ బాగుంది, సర్వర్‌లో చూస్తే గోడౌన్ నుంచి ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, కూడా వస్తున్నాయి! జవాబు మాత్రం వెనక్కి పోవట్లేదు, ఎందుకంటే హబ్‌కి 13 అంటే ఏంటో తెలీదు, తెలీనివన్నీ డిఫాల్ట్ రూట్ మీద ఇంటర్నెట్ వైపు తోసేస్తోంది. నోట్‌బుక్‌లో కరెక్టుగానే ఉంది కాబట్టి తప్పు నాదే అని కనిపెట్టడానికి మధ్యాహ్నం అయింది.

ఆ తర్వాత ఓఎస్పీఎఫ్ పెట్టేద్దాం అనుకున్నా, ఎందుకంటే అమీర్‌పేటలో నేను నేర్చుకున్న చోట మూడు నెలల్లో నెలన్నర దాని మీదే గడిచింది, ఏరియాలు, ఎల్‌ఎస్‌ఏ రకాలు, ఇలా దాని లోపలి సంగతులన్నీ నోటికొచ్చు నాకు. 19 బ్రాంచీలకి ఓఎస్పీఎఫ్ మోయలేదని కాదు, హాయిగా మోస్తుంది. కానీ సూర్యాపేట రౌటర్‌కి సిద్దిపేటలో ఏముందో తెలిసి ఏం చేసుకుంటుంది? దానికి బయటికి వెళ్లే దారి ఒకటే. చౌరస్తాలో బోర్డు కావాలి గానీ, ఒకటే రోడ్డున్న ఊళ్లో ఇంటింటికీ బోర్డు పాతుతామా?

అప్పుడు మా పాత సీనియర్ ఒకాయనకి ఫోన్ చేస్తే, "ఏంరా, మీవన్నీ సిస్కో కంపెనీ రౌటర్లే కదా, ఓడీఆర్ పెట్టుకోక ఈ తిప్పలేంది" అన్నారు. నిజం చెప్పాలంటే ఆ పేరు నేను అప్పటిదాకా వినలేదు. ఆన్ డిమాండ్ రౌటింగ్ అంట. ఇదేమీ కొత్తది కాదు, 1990లలో వచ్చిన సిస్కో రౌటర్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11.2 నుంచీ ఉంది.

దాని కిటుకు ఏంటంటే, సిస్కో రౌటర్లు సీడీపీ అని ఒక పద్ధతిలో పక్క రౌటర్‌ని ప్రతి 60 సెకన్లకి పలకరించుకుంటాయి, నా పేరిది, మోడలిది, ఫలానా పోర్టులో ఉన్నా అని. ఓడీఆర్ ఆ పలకరింపులోనే ఇంకో మాట కలుపుతుంది, నా కింద ఈ నెట్‌వర్కులు ఉన్నాయి అని. ఒక్కో నెట్‌వర్క్‌కి పడే బరువు 5 బైట్లు, నాలుగు అడ్రస్‌కి, ఒకటి మాస్క్‌కి, అంటే ఆ నెట్‌వర్క్ ఎంత పెద్దదో చెప్పడానికి. హబ్ వాటిని తీసుకుని తన రూట్ల టేబుల్లో వేసుకుంటుంది, తిరిగి బ్రాంచికి డిఫాల్ట్ రూట్ పంపిస్తుంది, ఏమొచ్చినా నా దగ్గరికి తోసెయ్ అని. ఇక కమాండ్ అంటారా, హబ్‌లో రౌటర్ ఓడీఆర్ అని ఒకటే లైను. బ్రాంచిలో రౌటింగ్ కమాండ్ అసలు లేనే లేదు, సీడీపీ నడుస్తుంటే చాలు. అది కూడా మామూలు పోర్టుల్లో చాలా వరకు ముందే ఆన్‌లో ఉంటుంది, ఒకే పోర్టుతో చాలా బ్రాంచీలని కలిపే మల్టీపాయింట్ టన్నెల్‌లో మాత్రం రెండు వైపులా మనమే ఎనేబుల్ చెయ్యాలి.

ఇంత సులువా అని పెట్టేసి చూస్తే టేబుల్లో ఒక్క రూట్ మారలేదు! అరగంట బుర్ర గోక్కున్నా. సంగతేంటంటే ఓడీఆర్‌కి అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్, అంటే ఏ రూట్‌ని ఎంత నమ్మాలో చెప్పే అంకె, 160, స్టాటిక్‌కి 1, తక్కువ ఉన్నదే గెలుస్తుంది, నా పాత స్టాటిక్ రూట్లు ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే పీకుతుంటే కొత్తవి ఇంగ్లిష్ చిన్న ఓ అక్షరంతో పైకి రావడం మొదలైంది. పెద్ద ఓ అంటే ఓఎస్పీఎఫ్, చిన్న ఓ అంటే ఓడీఆర్, కళ్లజోడు లేకపోతే కష్టమే.

వికారాబాద్ ఒక్కటి ఎంతకీ రాలేదు. ఎప్పుడో ఎవరో ఆ రౌటర్లో రిప్ అనే రౌటింగ్ ప్రోటోకాల్ పెట్టి వదిలేసి పోయారు, బ్రాంచిలో ఏ రౌటింగ్ ప్రోటోకాల్ ఉన్నా సరే ఓడీఆర్ ఇక తన నెట్‌వర్కులు చెప్పడం మానేస్తుంది. ఆ లైను తీసేశాక నిమిషంలో వచ్చింది. ఇంకో తలనొప్పి, రెండు బ్రాంచీల్లో మేనేజర్లు ఖాళీ పోర్టుకి సొంత వైఫై డబ్బా తగిలించుకున్నారు, దానికోసం ఎవడో పోర్టు మీద 192.168.1.0 ఇచ్చేశాడు, రెండు చోట్లా అదే! బ్రాంచి రౌటర్ తన పోర్టులో ఉన్నదంతా చెప్పేస్తుంది కదా, హబ్‌లో ఒకటే నెట్‌వర్క్ రెండు దిక్కుల నుంచి కనిపించింది. హబ్‌లో డిస్ట్రిబ్యూట్ లిస్ట్ పెట్టి 10.20తో మొదలయ్యేవి మాత్రమే రానిచ్చాను.

అన్నీ మంచివే అని చెప్పను. ఇది సిస్కో వాళ్ల సొంత సరుకు, రేపు ఏదైనా బ్రాంచిలో వేరే కంపెనీ రౌటర్ కొంటే అక్కడ పనిచెయ్యదు, అప్పుడు రిప్ వెర్షన్ 2 మేలు, అది 1998 నుంచి ఉన్న స్టాండర్డ్, ఎవరి డబ్బాలోనైనా ఉంటుంది. టన్నెల్ అవతల వైపు పడిపోయినా మా పోర్టు మాత్రం లేచినట్టే కనబడుతుంది కాబట్టి ఆ రూట్ చచ్చిందని హబ్‌కి తెలియడానికి 180 సెకన్లు పడుతుంది, టైమర్లు తగ్గించుకోవచ్చనుకోండి. బ్రాంచికి రెండో లైన్ ఉండి క్షణాల్లో మారాలంటే మాత్రం ఇది వద్దు, ఈఐజీఆర్‌పీ అని ఇంకో రౌటింగ్ ప్రోటోకాల్ ఉంది, దాంట్లో స్టబ్ పద్ధతి చూసుకోండి. ఇంకోటి, సీడీపీకి పాస్‌వర్డ్ లాంటిది ఏమీ లేదు, 2020లో దాంట్లో లోపాలు బయటపడితే సిస్కో ప్యాచ్‌లు ఇవ్వాల్సి వచ్చింది, అందుకే ఇంటర్నెట్ వాడి వైపున్న పోర్టులో దాన్ని తప్పకుండా ఆపెయ్యాలి, ఎన్‌క్రిప్ట్ అయిన టన్నెల్ లోపలే నడవాలి. చాలామంది ఇది మర్చిపోతారు.

మా హెడ్డాఫీసు లోపల ఓఎస్పీఎఫ్ అలాగే ఉంది, ఓడీఆర్ నుంచి దాంట్లోకి రీడిస్ట్రిబ్యూట్ చేశాను, అంటే దీని రూట్లు దానికి అందించాను, దాని చోటు దానిది. పెద్దవి నేర్పొద్దని కాదు నేననేది. బీటెక్ అయ్యి మా దగ్గరికి ఇంటర్వ్యూకి వచ్చే పిల్లలు బీజీపీ ఆట్రిబ్యూట్లు గడగడా చెప్తారు, జవాబు ప్యాకెట్ ఏ దారిన వెనక్కొస్తుందమ్మా అంటే మాత్రం నా మొహం చూస్తారు. మీ చదువుల పేజీలో వారానికి ఒకసారైనా ఇలాంటి చిన్న పనుల గురించి, పని చేసేవాళ్లతోనే రాయించండి సార్, కావాలంటే మొదటిది నేనే రాసిస్తాను.

నిన్న సూర్యాపేటలో కొత్త కౌంటర్ పెట్టారట, మా కుర్రాడు వెళ్లి పోర్టుకి ఐపీ ఇచ్చి వచ్చాడు, నాకు చెప్పడం మర్చిపోయాడు. పొద్దున చాయ్ తాగుతూ హబ్ చూస్తే చిన్న ఓ పక్కన 10.20.7.128 వచ్చి కూర్చుంది. నోట్‌బుక్‌లో ఇంకా రాయలేదు.

ఇట్లు,
ఒక నెట్‌వర్క్ ఇంజినీర్,
బోడుప్పల్, హైదరాబాద్