వింత వ్యాధి వార్త వేసే ముందు

సంపాదకుడు గారికి,

‘కంట్లోంచి గులకరాళ్లు’, ‘నెత్తురు చెమట’ అంటూ వీడియోలు ముందు వాట్సాప్‌లో తిరుగుతాయి, తర్వాత వార్తల్లోకి ఎక్కుతాయి. రెండింటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. కన్నీటి సంచిలో చిన్న రాయి కట్టడం నిజమే. కానీ అది అక్కడే ఇరుక్కుని కన్ను ఊరికే కారుతుంది, ఆపరేషన్ చేసి తీయాలి. రోజూ గుప్పెడు గులకరాళ్లు రాలుతున్నాయంటే ఎవరో రెప్పకింద పెడుతున్నారని అనుమానించాలి. పెట్టుకునేది పిల్లలే అయితే వాళ్లను తిట్టకుండా మానసిక వైద్యుడికి చూపించాలి.

నెత్తురు చెమట మాత్రం చాలా అరుదుగానైనా ఉంది. పేరు హెమటోహైడ్రోసిస్. తేల్చడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. చర్మం శుభ్రంగా తుడిచి, డాక్టరు కళ్లెదుటే మళ్లీ వచ్చేదాకా చూడాలి. ఆ చుక్కను మైక్రోస్కోప్ కింద పెడితే ఎర్ర రక్తకణాలు కనిపించాలి. కనిపించకపోతే మందుల చీటీ అడగాలి. క్షయకు వాడే రిఫాంపిసిన్ మూత్రాన్ని, చెమటను, కన్నీటిని నారింజ ఎరుపుకు తిప్పుతుంది. కుష్ఠుకు ఇచ్చే క్లోఫాజిమిన్‌తోనూ చెమట రంగు మారుతుంది. అది రక్తమేనని పత్రిక రాస్తే, చదివిన రోగి భయపడి టీబీ మాత్రలు మానేస్తాడు. ఆ తర్వాత జబ్బు మందులకు లొంగకుండా పోవచ్చు.

పేరు వినగానే కట్టుకథ అనుకోవడమూ తప్పే. ఒంటి నుంచి చేపల వాసన వచ్చే ట్రైమీథైలమినూరియా అనే జబ్బు ఎఫ్‌ఎంవో3 అనే జన్యువులో లోపం వల్ల వస్తుంది. మూత్రపరీక్షలో తేలుతుంది, జన్యువ్యాధుల జాబితా ఓఎంఐఎంలో దాని సంఖ్య 602079. పాపం, స్నానం చెయ్యరన్న నింద మోసేది ఈ రోగులే. తలకు దెబ్బ తగిలి సొంత పేరు మర్చిపోయి, ఇంకో దెబ్బతో అన్నీ గుర్తుకు రావడం మాత్రం సినిమాల్లోనే. రెండో దెబ్బ మెదడును ఇంకా పాడుచేస్తుంది.

కల్పనలా వినిపించే నిజం మన మధ్యే ఒకటుంది. ఆర్యవైశ్యుల్లో కొందరికి సూడోకోలినెస్టరేస్ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువ. ఆపరేషన్‌కు ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ ప్రభావం మామూలుగా 5-10 నిమిషాల్లో తగ్గిపోతుంది. వీళ్లకు గంటల తరబడి ఉంటుంది. అంతసేపూ సొంతంగా ఊపిరి తీసుకోలేరు, వెంటిలేటర్ మీద ఉంచాలి. ఇంట్లో ఎవరికైనా అలా జరిగి ఉంటే మత్తు డాక్టరుకు ముందే చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి. అసలు వార్తగా రావాల్సింది ఇది.

కాబట్టి మీ విలేకరులు రెండు సంగతులు అడగాలి: డాక్టరు రాసిచ్చిన జబ్బు పేరేంటి, ఏ పరీక్షతో తేలింది? జవాబు లేకపోతే వార్త ఆపండి. ఉంటే, ఎక్కడికి వెళ్లాలో కూడా వెయ్యండి. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ పరీక్షల కేంద్ర సంస్థ), పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రి కలిసి సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌గా, అంటే అరుదైన వ్యాధులకు గుర్తింపు పొందిన కేంద్రంగా ఉన్నాయి. జాబితాలోని జబ్బులకు 50 లక్షల రూపాయల వరకు సాయం అందే వీలుంది. పిల్లల ఫొటో మాత్రం ఏ పరిస్థితిలోనూ వెయ్యకండి.

— ఒక జనరల్ మెడిసిన్ వైద్యుడు, మలక్‌పేట, హైదరాబాద్