వార్షిక నివేదిక 2024–25: ఇళ్ల ఇంటర్నెట్ సమస్యలపై మన సంఘం చేసిన పని

గౌరవనీయులైన సంఘ సభ్యులందరికీ నమస్కారాలు.

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉన్న తెలుగు కుటుంబాల కోసం మన సంఘం ఈ సంవత్సరం చేపట్టిన పనుల్లో ఎక్కువ శ్రమ తీసుకున్నది ఇంటి ఇంటర్నెట్ సమస్య. ఉగాది పంచాంగ శ్రవణం, సంక్రాంతి ముగ్గుల పోటీలు, విద్యార్థులకు పుస్తకాల పంపిణీ ఎప్పటిలాగే జరిగాయి. వాటి ఖర్చులు కోశాధికారి గారు సమర్పించే లెక్కల్లో ఉన్నాయి. కార్యవర్గ నిర్ణయం మేరకు ఈ నివేదికను ఇంటర్నెట్ విషయానికే కేటాయిస్తున్నాను.

గత సర్వసభ్య సమావేశంలో ఇంటి నుంచి ఉద్యోగం చేస్తున్న యువకులు, ప్రవేశ పరీక్షలకు చదువుకుంటున్న పిల్లల తల్లిదండ్రులు, విదేశాల్లో ఉన్న పిల్లలతో వీడియోలో మాట్లాడుకునే పెద్దలు ఒకే మాట చెప్పారు: నెలనెలా డబ్బు కడుతున్నాం, అవసరమైన గంటలో నెట్ ఉండటం లేదు. దీనిపై సాంకేతిక పరిజ్ఞానం ఉన్న సభ్యులతో ఒక ఉపసంఘం ఏర్పడింది. ఉపసంఘం మొదట ఇళ్లకు వెళ్లి చూసింది, ఆ తరువాతే కంపెనీలతో మాట్లాడింది. ఈ వరుస సరైనదని నేను గట్టిగా నమ్ముతున్నాను, ఎందుకంటే లోపం ఇంట్లో ఉందో, వీధిలో ఉందో, కంపెనీ కార్యాలయంలో ఉందో తేలకుండా చేసిన ఫిర్యాదుకు ‘రూటర్ ఒకసారి ఆపి మళ్లీ పెట్టండి’ అన్న జవాబు తప్ప మరొకటి రావడం లేదు.

ఇళ్లలో కనిపించినవి

చూసిన ఇళ్లలో చాలా వాటిలో వీధి నుంచి వచ్చే లైను బాగానే ఉంది, ఇంటి లోపలి వైఫై బలహీనంగా ఉంది. మన ఊళ్లోని పాత ఇళ్ల గోడలు మందమైనవి, గదులు ఒకదాని వెనుక ఒకటి వరుసగా ఉంటాయి. వైరు లోపలికి వచ్చిన చోటే, అంటే వీధి గది మూలన టీవీ వెనుకో ఇనుప బీరువా పక్కనో, రూటర్ పెట్టేసి టెక్నీషియన్ వెళ్లిపోతాడు. చివరి గదిలో చదువుకునే పిల్లవాడికి సిగ్నల్ అందదు. రూటర్లు సాధారణంగా 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్లలో పని చేస్తాయి. మొదటిది గోడలను కొంత మెరుగ్గా దాటుతుంది కాని వేగం తక్కువ, పక్కిళ్ల రూటర్లతో రద్దీ ఎక్కువ. రెండవది దగ్గరలో వేగంగా ఉంటుంది కాని గోడ అడ్డొస్తే త్వరగా నీరసిస్తుంది. రూటర్‌ను ఇంటి మధ్యకు, మనిషి తల ఎత్తున మార్చడం, 2.4 బ్యాండులో ఛానల్‌ను, అంటే సంకేతం వెళ్లే దారిని, 1, 6, 11లలో రద్దీ తక్కువగా ఉన్నదానికి మార్చడం, దూరపు గదికి లాన్ తీగ (రూటర్ నుంచి నెట్ తీసుకెళ్లే తీగ) లాగడం వంటి పనులతోనే చాలా కుటుంబాల ఇబ్బంది తీరింది. వీటికి కంపెనీ అనుమతి గాని పెద్ద ఖర్చు గాని అక్కరలేదు.

వేగం గురించిన ఒక అపోహను కూడా చాలాచోట్ల తొలగించవలసి వచ్చింది. ప్లానులో చెప్పే 100 ఎంబీపీఎస్ మెగాబిట్లలో లెక్క. ఫైలు దిగుమతి అయ్యేటప్పుడు తెరపై కనిపించేది మెగాబైట్లలో ఉంటుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక 100 ఎంబీపీఎస్ లైనులో గరిష్ఠంగా సెకనుకు 12.5 మెగాబైట్లే కనిపిస్తాయి. అది చూసి కంపెనీ మోసం చేసిందని ఫిర్యాదు చేస్తే ఆ ఫిర్యాదు నిలవదు. అదే విధంగా, వేగాన్ని వైఫైలో కొలిచి ఫిర్యాదు చేస్తే కంపెనీ ఒప్పుకోదు. ల్యాప్‌టాప్‌ను లాన్ తీగతో నేరుగా రూటర్‌కు కలిపి, మిగతా పరికరాలను ఆపి, కొలిచిన అంకెకే విలువ ఉంటుంది. ఇందుకోసం సంఘం కార్యాలయంలో ఒక పొడవాటి లాన్ తీగ, తీగను పరీక్షించే చిన్న పరికరం ఉంచాము. సభ్యులు సంతకం చేసి తీసుకువెళ్లవచ్చు.

వీధిలో కనిపించినవి

ఇంట్లో అంతా సరిగా ఉన్నా నెట్ పోతున్న కుటుంబాల విషయంలో ఉపసంఘం చేసిన పని నాకు ఎంతో సంతోషం కలిగించింది. వారికి ఒక్కో చిన్న పుస్తకం ఇచ్చి, నెట్ పోయిన తేదీ, గంట, నిమిషం, ఫైబర్ తీగ వచ్చి చేరే డబ్బా మీది దీపం రంగు, అప్పుడు కరెంటు ఉందా, వాన పడుతోందా అన్నవి రాయమన్నాము. ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలుగుతుంటే వెలుతురు సంకేతం ఇంటి దాకా రావడం లేదని అర్థం. అప్పుడు వైఫై సంకేతపదం మార్చినా, రూటర్ ఎన్నిసార్లు ఆపి పెట్టినా ఫలితం ఉండదు. ఫైబర్ ద్వారా కంపెనీతో సంబంధం ఉందని చూపే పాన్ దీపం స్థిరంగా పచ్చగా ఉండి కూడా నెట్ లేకపోతే లోపం చాలాసార్లు కంపెనీ ఖాతాలోనో, పై సర్వరులోనో ఉంటుంది.

ఒకే వీధిలోని ఇళ్ల పుస్తకాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఒక్కో ఇంట్లో అర్థం కానిది అందరికీ కలిపి అర్థమైంది. వాటిలో నెట్ పోయిన నిమిషాలు ఒకటే. ఆ వేళల్లో ఆ ఇళ్లలో కరెంటు ఉంది, వెనుక వీధిలో లేదు. అక్కడి స్తంభం మీద ఉన్న, ఇళ్లకు నెట్ పంచే కంపెనీ స్విచ్ పెట్టెలో బ్యాటరీ చచ్చిపోయి ఉండటం వల్ల, ఆ వీధిలో కరెంటు పోయినప్పుడల్లా దాని మీద ఆధారపడ్డ ఇళ్లన్నింటికీ నెట్ పోతోంది. ఈ పుస్తకాల నకళ్లు చూపించిన తరువాత కంపెనీ స్థానిక ప్రతినిధి వాదించలేదు, బ్యాటరీ మార్చారు. మరో చోట వానలో మాత్రమే నెట్ మందగించేది. టెక్నీషియన్ వెలుతురు బలాన్ని కొలిచే పవర్ మీటరుతో చూస్తే సంకేతం మైనస్ 27 డీబీఎం (ఆ బలానికి కొలమానం) కంటే కిందికి దిగి, బాగా బలహీనపడింది. ఫైబర్ జాయింట్ పెట్టెలోకి నీరు చేరింది, పైగా కిటికీ దగ్గర తీగను పదునుగా వంచి మేకు కొట్టారు. గాజు దారంలాంటి ఫైబర్ వంపు దగ్గర వెలుతురును కోల్పోతుంది కనుక కొత్త కనెక్షన్ పెట్టించుకునే సభ్యులు ఆ మలుపులను దగ్గరుండి చూడాలని కోరుతున్నాను.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన గజపతి జిల్లాను ఎంతగా దెబ్బతీసిందో అందరికీ గుర్తుంది. అప్పుడు స్తంభాల మీద లాగిన తీగలు ఇప్పటికీ అదే విధంగా వేలాడుతున్న వీధులు ఉన్నాయి. వేసవి ఉరుముల వేళ, ముఖ్యంగా రాగి తీగతో వచ్చే కనెక్షన్లున్న ఇళ్లలో, ప్లగ్గును, తీగను రెండింటినీ తీసి ఉంచడం మేలు. ఫైబర్ తీగ పిడుగును మోయకపోయినా అడాప్టరు కరెంటు తీగ మోస్తుంది.

కంపెనీలతో వ్యవహారం

సరిహద్దు ఊరు కావడం వల్ల మనకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మహేంద్రతనయ నది అవతల పాతపట్నం ఆంధ్రప్రదేశ్ టెలికాం సర్కిల్‌లో (ఫోన్, నెట్ సేవలకు విభజించిన ప్రాంతంలో) ఉంటే, మనం ఒడిశా సర్కిల్‌లో ఉన్నాం. చాలామంది సభ్యులు ఆంధ్ర నంబరునే ఖాతాకు ఇచ్చి ఉండటంతో ఫోన్ అటు కేంద్రానికి వెళ్లి, ‘మీ ఖాతా ఇక్కడ కనిపించడం లేదు’ అన్న జవాబు వచ్చేది. ఒడిశా కేంద్రానికి చేరితే ఒడియాలోనో హిందీలోనో మాట్లాడవలసి వచ్చి, పెద్దలు తమ ఇబ్బంది పూర్తిగా చెప్పలేక ఫోన్ పెట్టేసేవారు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటున్న మనకు, మాట సులభంగా అందడం ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు. అందుకే ఒడియా బాగా వచ్చిన యువ సభ్యులు వంతులవారీగా పెద్దల పక్కన కూర్చుని ఫోన్ చేయిస్తున్నారు. వారికి సంఘం తరఫున మనసారా కృతజ్ఞతలు తెలుపుతున్నాను.

ఫిర్యాదు చేసిన ప్రతిసారీ డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నమోదు సంఖ్య, తీసుకోవడం తప్పనిసరి. ఆ నంబరు లేని ఫిర్యాదు జరగనట్టే లెక్క. పని పూర్తయిందని టెక్నీషియన్ మన ఫోనుకు వచ్చిన కోడ్ అడిగితే, తీగతో పరీక్షించి చూసిన తరువాతే ఇవ్వాలి, ఎందుకంటే కోడ్ ఇచ్చిన క్షణంలో కంపెనీ కాగితాల్లో సమస్య ముగిసిపోతుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త సేవా ప్రమాణాలు 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. లైను మరమ్మతు మూడు రోజులు దాటితే అద్దెలో తగ్గింపు ఇవ్వాలన్న నిబంధన ఉంది కాబట్టి పుస్తకంలో రాసిన తేదీలు డబ్బుతో సమానం. తగ్గింపును బిల్లులో వారంతట వారు చూపకపోతే మనం అడగాలి.

ఫిర్యాదుకు తగిన జవాబు రాకపోతే 30 రోజుల్లోపు అదే కంపెనీలోని అప్పీలు అధికారికి ఉచితంగా రాయవచ్చు. 39 రోజుల్లో తేల్చాలి. ఇక్కడ ఒడిశా సర్కిల్ అధికారి పేరునే ఎంచుకోవాలి. పొరపాటున ఆంధ్ర సర్కిల్‌కు పంపిన దరఖాస్తులు తిరిగి వచ్చాయి. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదులను విచారించదు కనుక దానికి లేఖలు రాసి కాలం పోగొట్టుకోనక్కరలేదు. అప్పీలుతోనూ కాకపోతే టెలికాం శాఖ ప్రజా ఫిర్యాదుల విభాగం, జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915 ఉన్నాయి. టెలికాం సేవలపై వినియోగదారుల కమిషన్లకు అధికారం ఉందని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. 5 లక్షల రూపాయల వరకు విలువ ఉన్న ఫిర్యాదుకు రుసుము లేదు.

రానున్న సంవత్సరానికి

రోడ్డు తవ్వే పనుల్లో తీగలు తెగుతున్నందున, తవ్వకానికి ముందు సమాచారం ఇవ్వాలని పురపాలక సంఘాన్ని కోరుతూ ఒక వినతిపత్రం సిద్ధం చేస్తున్నాము. వీధివారీగా పుస్తకాలు రాస్తున్న సభ్యులు వర్షాకాలం మొదలయ్యేలోగా వాటి నకళ్లను కార్యాలయంలో ఇవ్వాలని, ఇంకా పుస్తకం తీసుకోని వారు ఉపసంఘం నుంచి తీసుకోవాలని కోరుతున్నాను.

కార్యదర్శి