ఆంక్షల దెబ్బ ఎవరికి?

ఆంక్షలు బిగిస్తే ఉత్తర కొరియా పాలన దానంతటదే కూలుతుందన్న అంచనా, 2006 నుంచి భద్రతామండలి ఎన్ని తీర్మానాలు చేసినా, నిజం కాలేదు. 1990లలో కరవుతో రేషన్ వ్యవస్థ చితికిపోతే జనం సంతల్లో అమ్ముకుని, కొనుక్కుని బతికారు. పాలకులు సైన్యానికే మొదటి వాటా అంటూ, తర్వాత ఆ సంతల నుంచే రుసుములు పిండుకున్నారు. గుంటూరులో రేషన్ దుకాణం వారం రోజులు తెరవకపోతే జనం రోడ్డెక్కుతారు, మరునాడు అది పత్రికలో వస్తుంది. అక్కడ ఆ ఊసెత్తినా శిక్షే. పైగా శుద్ధిచేసిన చమురు దిగుమతికి 2017లో ఏటా 5 లక్షల పీపాల పరిమితి పెట్టిన మండలిలోనే, 2024 మార్చిలో రష్యా వీటోతో పర్యవేక్షక నిపుణుల బృందం గడువు పొడిగింపు ఆగిపోయింది. ఆ నిఘాను పునరుద్ధరించాలని, ఆహారం, మందుల సాయానికి నిర్ణీత గడువులోగా అనుమతులివ్వాలని ఐక్యరాజ్యసమితిలో భారత్ పట్టుబట్టాలి.

— ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు