నాటకానికి నందులిచ్చారు, తేదీలు కూడా ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్ సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

అయ్యా, నమస్కారం.

తెనాలికి బస్సులో గంట దూరంలో ఉన్న చిన్న పట్టణం మాది. మా నాటక సమాజంలో మందుల షాపు నడిపే ఆయన, ఇద్దరు రైతులు, ఒక టైలరు, బ్యాంకులో రిటైరైన పెద్దాయన, డిగ్రీ చదివే పిల్లలు నలుగురు ఉన్నారు. పగలు ఎవరి పని వాళ్లది. రాత్రి ఎనిమిదిన్నరకు బడి వరండాలో రిహార్సల్సు. ఈ కార్తీకం నుంచి ఉగాది లోపల మా ఊళ్లోనే, మా ఊరివాళ్ల కోసమే నాలుగు నాటకాలు ఆడాలని సంకల్పించాం. వాటికి హాలు తేదీలు ఖాయంగా దొరకాలని అడగడానికే ఈ ఉత్తరం. మొదట కాళ్ళకూరి నారాయణరావు గారు వరకట్నం మీద రాసిన 'వరవిక్రయం'. తర్వాత మూడు గంటలకు కుదించిన 'కన్యాశుల్కం'. మాఘమాసంలో తిరుపతి వేంకట కవుల రాయబారం పద్యాలతో ఒక రాత్రి. చివరిది మా కుర్రవాడొకడు కౌలురైతుల మీద రాసిన కొత్త నాటకం.

ఊళ్లో నాటకం ఆడటంలో విశేషమేముందని మీకు అనిపించవచ్చు. ఇవాళ మాలాంటి సమాజాలు బతుకుతున్నది పరిషత్తుల మీద, అంటే నాటక పోటీల మీద. గంట నాటిక ఒకటి తయారుచేసుకుని, వ్యానులో ఊరూరా తిరిగి, న్యాయనిర్ణేతల ముందు ఆడి, తెల్లవారేసరికి ఇల్లు చేరతాం. సొంత ఊరు ఆ నాటికను ఒక్కసారి చూస్తే గొప్ప. పరిషత్తులను తక్కువ చేయడం లేదు. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో పుట్టింది మా తెనాలిలోనే, మేము వేషం కట్టడం నేర్చుకున్నదీ పోటీల్లోనే. 1998లో రాష్ట్ర ప్రభుత్వ నంది నాటకోత్సవాలు మొదలైనప్పుడు మాకు వచ్చిన ధైర్యం ఇంతా అంతా కాదు. కానీ 'వరవిక్రయం' గంటలో ఇమడదు. కట్నానికి కొడుకును అమ్ముకునే సింగరాజు లింగరాజు పిసినారితనాన్ని ప్రేక్షకుడు తనివితీరా చూడాలి. కట్నమిచ్చి చేసే పెళ్లి ఇష్టంలేక కాళింది చనిపోయినప్పుడు హాలంతా నిశ్శబ్దమైపోవాలి. అప్పుడే, డబ్బిచ్చి కొన్న మొగుణ్ణి కోర్టుకు లాగిన ఆమె చెల్లెలు కమల మాటకు బలం. కట్నం ఇంకా పోని ఊళ్లో ఆ మాట పూర్తిగా వినపడాలని మా కోరిక. పైగా వరసగా ఆడితే చూసినవాళ్లే మళ్లీ వస్తారు. ఇప్పుడు మా సమాజంలో ఉన్న నలుగురు పిల్లల్లో ఇద్దరు అలా వెనక వరస నుంచి లేచి వచ్చినవాళ్లే.

నిరుడు ఒక నాటకానికి హాలు తీసుకుని, డబ్బు కట్టి, రసీదు పుచ్చుకున్నాం. రెండు రోజుల ముందు ఫోన్ వచ్చింది, ఆ తేదీన సభ ఉందట, ఇంకో రోజు చూసుకోమన్నారు. కట్టిన డబ్బు తిరిగి ఇచ్చారు, ఆ సంగతి ఒప్పుకోవాలి. కానీ పోయింది హాలు అద్దె కాదు. నాటకాలాడే నటీమణులు కొద్దిమంది. ఒక్కొక్కరు నాలుగైదు సమాజాలకు ఆడుతూ ఇల్లు నడుపుకుంటున్నారు. వాళ్ల తేదీ నెలల ముందే అడగాలి. ఆ రోజు తప్పితే మా నాటకానికి ఒప్పుకున్న నటి మళ్లీ దొరికింది సంక్రాంతి తర్వాతే. హార్మోనిస్టు వేరే ఊరు ఒప్పుకున్నాడు. మూడు నెలలు నేర్చిన మాటలు చల్లారిపోయాయి. తొలిసారి వేషం వేయాల్సిన పిల్లవాడు ఆ తర్వాత రిహార్సల్‌కు రాలేదు. వాడి ఇంటికి రెండుసార్లు వెళ్లాను. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

పుణెలో బాలగంధర్వ రంగమందిరం నగరపాలక సంస్థదే. అక్కడ నాటక సంస్థలకు కొన్ని నెలల తేదీలు ఒకేసారి ముందుగా కేటాయిస్తారు. మరాఠీ నాటకానికి టికెట్టు కొని వచ్చే ప్రేక్షకుడు నిలబడ్డాడంటే ఈ ఏర్పాటు కూడా ఒక కారణమని నా నమ్మకం. మన పట్టణాల్లోని ప్రభుత్వ, పురపాలక హాళ్లలో నెలకు రెండు సాయంత్రాలు స్థానిక నాటక సమాజాలకని కేటాయించండి. ఒకసారి ఇచ్చిన తేదీని ఎంతటి సభ వచ్చినా మార్చవద్దని ఉత్తర్వు ఇవ్వండి. అద్దె తగ్గిస్తే సంతోషం, తగ్గించకపోయినా చందాలు వేసుకుని కడతాం. మాకు కావలసింది తేదీ మీద నమ్మకం.

ఇంకొక్క మాట. హాళ్లకు మరమ్మతులు చేసేటప్పుడు స్టేజీ మీద నున్నటి టైల్సు వేయిస్తున్నారు. సభలకు అందంగానే ఉంటాయి. వాటి మీద నటుడి కాలు జారుతుంది, లైటు పడితే నేల మెరిసి ముఖం కనిపించదు. పాత చెక్క నేల పాడైతే చెక్కే వేయించండి. పని మొదలుపెట్టేముందు ఆ ఊళ్లో నాటకాలాడేవాళ్లను ఒక్కసారి పిలిచి అడగమనండి.

'వరవిక్రయం' రిహార్సల్సు మొదలయ్యాయి. కమల వేషానికి ఒకామెను అడిగాం, ఒప్పుకున్నారు. ఏ రోజని అడుగుతున్నారు. శ్రావణం వెళ్లేలోగా చెప్పకపోతే ఆమె వేరే సమాజానికి మాట ఇచ్చేస్తారు.

ఇట్లు,
ఒక నాటక సమాజ కార్యదర్శి