వార్షిక నివేదిక: సముద్రం లేని ఊరి సర్ఫ్ బ్యాండూ, మళ్ళీ కలిసిన మన ఆర్కెస్ట్రా

మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ముందు మామూలు విషయాలు చెప్పేస్తాను. ఉగాది, వినాయక చవితి, దసరా, సంక్రాంతి నాలుగూ బాగా జరిగాయి. ఉగాదికి మాత్రం చాలా టెన్షన్ పడ్డాం. మనకిచ్చిన తేదీకే హాలు ఇంకొకరికీ ఇచ్చేశారని ముందు రోజు సాయంత్రం తెలిసింది. ఒక సభ్యుడు రాత్రికి రాత్రి ఫోన్లు చేసి ఒక స్కూల్ జిమ్ ఇప్పించారు. పచ్చడి గిన్నెలు, మైకులు, కుర్చీలు అన్నీ అక్కడికి మోసిన కుర్రాళ్ళకు పేరుపేరునా కృతజ్ఞతలు. జమాఖర్చులు కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో చదువుతారు. మిగిలిన చోటంతా ఈసారి సంగీత విభాగానికే ఇస్తున్నాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

కిందటి జనవరిలో మా ఇంట్లో విభాగం మీటింగ్ పెట్టుకున్నాం. బయట మంచు, లోపల అల్లం టీ. త్యాగరాజ ఆరాధనకు ఎవరు ఏ కృతి పాడాలో రాసుకుంటున్నాం. హైస్కూల్లో చదివే ఒకమ్మాయి అడిగింది: "ఆంటీ, మనం మినియాపొలిస్‌లో ఉంటున్నాం కదా, మన ఊరి పాట ఏది?" ఈ ఊరి పాప్ గాయకుడు ప్రిన్స్ పేరు అందరికీ వచ్చింది. గాయకుడు బాబ్ డిలాన్ మన మిన్నెసోటా రాష్ట్రం వాడేనని ఒకరన్నారు. అంతకు మించి ఎవరికీ తెలియలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఇల్లు కట్టుకుని, పిల్లల్ని పెంచి, ఈ ఊరి పాట తెలియకుండా ఉన్నామే అని నాకు నిజంగా బాధనిపించింది. మర్నాడే ఒక పెద్దాయన ఫోన్ చేసి, "అమ్మా, నా దగ్గర ఒక పాత ఎల్పీ ఉంది, తెస్తాను" అన్నారు. అది ట్రాష్‌మెన్ వాళ్ళ రికార్డు.

ట్రాష్‌మెన్ అంటే చెత్త ఎత్తేవాళ్ళు. 1962లో మినియాపొలిస్‌లో పుట్టిన బ్యాండ్ ఇది. లీడ్ గిటార్ టోనీ ఆండ్రియాసన్, రిథమ్ గిటార్ డాల్ విన్స్‌లో, బేస్ బాబ్ రీడ్, డ్రమ్స్ వాయిస్తూ పాడేది స్టీవ్ వారర్. మన రాష్ట్రానికి సముద్రం లేదు. పదివేల సరస్సులని కార్ల నంబరు ప్లేట్ల మీద రాసుకునే చోటు ఇది. అలాంటి చోటి కుర్రాళ్ళు కాలిఫోర్నియా వెళ్ళి, సముద్రపు అలల మీద పలకతో జారే ఆట చుట్టూ పుట్టిన అక్కడి సర్ఫ్ సంగీతం విని, దాన్ని చలి దేశానికి తెచ్చుకున్నారు. తెచ్చుకున్నది తెచ్చుకున్నట్టే వాయించి ఉంటే వాళ్ళ పేరు ఈ రోజు ఎవరికీ గుర్తుండేది కాదనిపిస్తుంది. వాళ్ళు దానికి తమ నేల మూలాలు కలిపారు.

ఆ మూలాలు ఎక్కడివో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1959 ఫిబ్రవరి 3న రాక్ గాయకుడు బడ్డీ హాలీ ఎక్కిన విమానం అయోవాలో కూలింది. ఆయన ఆ రాత్రి పాడాల్సింది మన రాష్ట్రంలోని మూర్‌హెడ్‌లో. ఆ లోటు తీర్చడానికి స్టేజీ ఎక్కినవాళ్ళలో పక్కనే ఉన్న ఫార్గో కుర్రాడు బాబీ వీ ఒకడు. అప్పటికి అతనికి 15 ఏళ్ళు. కొన్ని నెలలకే అతను మినియాపొలిస్‌లోని కే బ్యాంక్ స్టూడియోకి వచ్చి తన మొదటి పాట రికార్డు చేశాడు. ట్రాష్‌మెన్ పాటలు పుట్టిందీ ఆ స్టూడియోలోనే. వాళ్ళ మొదటి ఎల్పీలో బడ్డీ హాలీ పాట ఒకటి ఉంది. కంట్రీ (అమెరికా పల్లె పాట), రాకబిల్లీ (అది కలిసిన తొలి రాక్) వాసన వదలని రాక్‌నే ఇక్కడివాళ్ళు రూట్స్ రాక్, అంటే మూలాలున్న రాక్, అంటారు. సర్ఫ్ మోత కింద ఆ వాసన స్పష్టంగా తెలుస్తుంది.

ఇక వాళ్ళకు పేరు తెచ్చిన 'సర్ఫిన్ బర్డ్' సంగతి. రివింగ్టన్స్ అని లాస్ ఏంజెలెస్‌లో ఒక నల్లజాతి గాయక బృందం ఉండేది. వాళ్ళ పాటలు రెండింటిని కలిపేసి, స్టీవ్ డ్రమ్స్ దగ్గర కూర్చుని, గొంతు బొంగురు చేసి, మధ్యలో ఊపిరాడనట్టు గురగురలాడిస్తూ పాడాడు. మన రాష్ట్రంలోనే ఈడెన్ వ్యాలీ అనే చిన్న ఊరి బాల్‌రూమ్‌లో ఆ పాట విన్న రేడియో డీజే బిల్ డీల్, వెంటనే రికార్డు చేయండని చెప్పాడు. 1963 చివర్లో గ్యారెట్ రికార్డ్స్ అనే స్థానిక కంపెనీ దాన్ని విడుదల చేసింది. 1964 మొదట్లో అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ జాబితాలో 4వ స్థానానికి వెళ్ళింది. రికార్డు మీద మొదట స్టీవ్ పేరే వేశారు. రివింగ్టన్స్ తరఫు లాయర్లు అడిగాక రచన వాళ్ళ పేరు మీదికి మారింది. ఇది న్యాయమే. ఎవరి పాట వాళ్ళకు దక్కాలి. ఈ విషయం పిల్లలకు విడిగా కూర్చోబెట్టి చెప్పాం, ఎందుకంటే మన కార్యక్రమాల్లో కూడా పాట రాసినవారి పేరు చెప్పకుండా పాడేసేవాళ్ళం. దసరా నుంచి ప్రతి పాటకూ ముందు రచయిత పేరు, స్వరకర్త పేరు చెప్పడం మొదలుపెట్టాం. ఇకమీదట ఇది విభాగం నియమం.

ఫిబ్రవరి నుంచి నెలకొకసారి లైబ్రరీ గదిలో కూర్చుని ఈ రికార్డు విన్నాం. ఒక నెల మంచు తుఫాను వల్ల మానేశాం. అన్నిటికంటే పిల్లలకు నచ్చింది మార్చి సమావేశం. ఒక సభ్యుడు తన పాత గిటార్ ఆంప్ (శబ్దం పెంచే పెట్టె) తెచ్చి వెనక పలక విప్పి చూపించారు. అడుగున జానెడున్నర రేకు పెట్టె, అందులో వేలాడుతున్న సన్నని స్టీలు స్ప్రింగులు. గిటార్ శబ్దం ఆ స్ప్రింగుల గుండా పోయి వణుకుతూ బయటికొస్తుంది. సర్ఫ్ పాటలో మనం వినే తడి మోత, నూతిలో మాట్లాడినట్టుండే ఆ గుంయ్‌మనడం, అదీ. ఒక పిల్లవాడు ఆంప్‌ని పక్కకు జరపబోయాడు. స్ప్రింగులు ఒకదానికొకటి తగిలి పిడుగు పడినట్టు మోగింది. చెవులు మూసుకున్న పిల్లలు వెంటనే "మళ్ళీ, మళ్ళీ" అన్నారు.

ఏప్రిల్‌లో జరిగినది మాత్రం నేను ఎప్పటికీ మరిచిపోలేను. ఆ రోజు ఎల్పీలో 'మిసిర్లూ' పెట్టాం. తూర్పు మధ్యధరా తీరాల నుంచి వచ్చిన పాత బాణీ అది. తండ్రి వైపు లెబనాన్ మూలాలున్న డిక్ డేల్ 1962లో దాన్ని ఎలక్ట్రిక్ గిటార్ మీద మహా వేగంగా వాయించి సర్ఫ్ సంగీతానికి గుర్తుగా మార్చాడు. ట్రాష్‌మెన్ కూడా వాయించారు. రికార్డు మొదలై అర నిమిషం కాలేదు, వెనక కుర్చీలో కూర్చున్న మన సంగీతం టీచర్ గారి చెయ్యి తొడ మీద ఆగిపోయింది. "ఒక్కసారి ఆపండి" అన్నారు. మళ్ళీ మొదటి నుంచి పెట్టించుకుని, కళ్ళు మూసుకుని, పెదవుల మధ్యే స, రి, గ, మ అనుకున్నారు. తర్వాత పిల్లల వైపు తిరిగి, "ఇవి మీ స్వరాలేరా! మొదటి రోజు మీకు నేర్పిన మాయామాళవగౌళ రాగం స్వరాలు" అన్నారు.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం. సరళీ స్వరాలు దిద్దిన ప్రతి తెలుగు పిల్లకూ నాలుక మీద ఉండే మెట్లే ఇవి. టీచర్ గారు ఒక జాగ్రత్త కూడా చెప్పారు: స్వరాలు ఒకటైనంత మాత్రాన రాగం ఒకటి కాదు, ఇక్కడ మన గమకం (స్వరాన్ని ఊపడం) లేదు, మన సంచారాలు (రాగం నడిచే తీరు) లేవు, అది వాళ్ళ బాణీ, ఇది మన రాగం. అది నిజం. అయినా నాకు ఆ రోజు ఈ ఊరు కొంచెం దగ్గరైంది.

ఆ మాట మీదే దసరా కార్యక్రమం తయారైంది. చిన్నపిల్లలు సరళీ స్వరాలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, పాడారు. మూడో కాలం అందుకోగానే కాలేజీ కుర్రాడు ఎలక్ట్రిక్ గిటార్ మీద మిసిర్లూ ఎత్తుకున్నాడు. ఒకే తీగ మీద పిక్‌ను పైకీ కిందికీ ఆగకుండా ఆడించే ఆ వాయింపు చూసి, ముందు వరసలో కూర్చున్న ఒక అమ్మమ్మ గారు, "మన పాలకొల్లు శ్రీనివాస్ మాండొలిన్ మీద ఇట్లాగే కదా చెయ్యి ఆడించేవాడు" అన్నారు. విన్న నాకు కళ్ళు తడయ్యాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ట్రాష్‌మెన్ పాట పైకి వెళ్ళిన రోజుల్లోనే, 1964 ఫిబ్రవరిలో, బ్రిటిష్ బ్యాండ్ బీటిల్స్ అమెరికాలో దిగారు. అభిరుచులు మారిపోయాయి. తర్వాతి పాట 'బర్డ్ డాన్స్ బీట్' 30వ స్థానం దగ్గర ఆగింది. 1967లో బ్యాండ్ ఆగిపోయింది. మామూలుగా అక్కడితో కథ అయిపోవాలి. కానీ పాట ఆగలేదు. 1977లో న్యూయార్క్ పంక్ బ్యాండ్ రమోన్స్ దాన్ని తమ ఆల్బమ్‌లో పాడారు. 1987లో 'ఫుల్ మెటల్ జాకెట్' సినిమాలో వినిపించింది. ఆ 1980లలోనే పాత మిత్రులు మళ్ళీ కలిసి వాయించడం మొదలుపెట్టారు.

అంతలోనే దెబ్బ తగిలింది. ఆ పాటకు గొంతైన స్టీవ్ వారర్ 1989 జనవరిలో గొంతు క్యాన్సర్‌తో పోయాడు. యాభై కూడా నిండలేదు. మిగిలిన ముగ్గురూ మానేస్తే తప్పుపట్టేవారు ఎవరూ లేరు. వాళ్ళు మానలేదు. తర్వాతి కాలంలో డ్రమ్స్ దగ్గర బాబ్ రీడ్ కొడుకు రాబిన్ కూర్చున్నాడు. 1998లో వాళ్ళ పాత రికార్డింగులన్నీ నాలుగు సీడీల పెట్టెగా వచ్చాయి. 2010 డిసెంబర్‌లో బ్రిటన్‌లో అభిమానులు పట్టుబట్టి కొనడంతో 47 ఏళ్ళ నాటి ఆ పాట క్రిస్మస్ జాబితాలో 3వ స్థానానికి చేరింది. ఏడు పదుల వయసులో యూరప్ వెళ్ళి వాయించి వచ్చారు. 2014లో డీక్ డికర్సన్ అనే గిటారిస్టుతో కలిసి కొత్త ఆల్బమ్ చేశారు.

జూన్‌లో ఈ భాగం చెప్పుకుంటున్నప్పుడు మన పాత సభ్యులు నలుగురు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. కొత్తవారికి తెలియదు గానీ, 1990లలో మనకొక లైట్ మ్యూజిక్ ఆర్కెస్ట్రా ఉండేది. కీబోర్డు, గిటార్, తబలా, ఇద్దరు గాయకులు. ప్రతి ఉగాదికీ వాళ్ళే. గొడవలేమీ రాలేదు. ఉద్యోగాలు, పిల్లల చదువులు, ఇళ్ళ లోన్లు, ఒకాయన డాలస్ వెళ్ళిపోవడం, అలా ఆగిపోయింది. తబలా వాయించే ఆయన రెండేళ్ళ కిందట చలికాలంలో మనల్ని వదిలి వెళ్ళారు.

ఆ రాత్రే డాలస్‌కి ఫోన్ వెళ్ళింది. ఆగస్టులో ఒక బేస్‌మెంట్‌లో మొదటి రిహార్సల్. నేను టీ అందిస్తూ మెట్ల మీద కూర్చుని చూశాను. అప్పట్లో రెండు శృతిలో (ఒకటి కంటే ఎత్తైన శృతి) హాయిగా పాడిన గాయకుడికి ఇప్పుడు పై షడ్జం (పై స) అందలేదు. మూడుసార్లు ప్రయత్నించి, నీళ్ళు తాగి, "ఒకటికి దింపండి" అన్నారు. కీబోర్డు దిగింది, గిటార్ దిగింది. తబలా దగ్గరే చిక్కొచ్చింది. పోయినాయన తబలాని ఆయన భార్య ఎర్ర గుడ్డ సంచీలో పదిలంగా దాచి ఆ రోజు తెచ్చి ఇచ్చారు. దాన్ని ఎప్పుడూ రెండుకే కట్టుకునేవారు. సుత్తితో శృతి కిందికి దింపితే గట్టా (పట్టీల కింద బిగించే చెక్క ముక్క) వదులై మూగబోయింది. వాయించడానికి వచ్చిన కుర్రాడు సుత్తి పక్కన పెట్టి ఆవిడ వైపు చూశాడు. ఆవిడ, "దాన్ని మార్చొద్దు నాన్నా" అన్నారు.

గాయకుడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అదే రెండు శృతిలో, పై షడ్జం అవసరం లేని పాటలు వెతుక్కుందామన్నారు. దసరా రోజు మీరు విన్న ఆరు పాటలూ అలా ఎంచుకున్నవే. ఎక్కువ పాత పాటలు ఎందుకు పాడలేదని కొందరు అడిగారు కాబట్టి ఈ వివరం రాస్తున్నాను. కీబోర్డు ఆయన డాలస్ నుంచి సొంత ఖర్చుతో వచ్చారు, టికెట్ డబ్బులిస్తామంటే తీసుకోలేదు. విభాగం తరఫున ఆయనకు, ఆవిడకు, ఆ కుర్రాడికి వందనాలు.

వచ్చే ఏడాదికి విభాగం రెండు పనులు పెట్టుకుంది. ఒకటి, ఆర్కెస్ట్రా ఉగాదికి మళ్ళీ వాయిస్తుంది. బేస్‌మెంట్ ఉన్నవారు రిహార్సల్స్‌కు ఆదివారాలు ఇవ్వగలిగితే చెప్పండి. రెండోది ఇంకా ముఖ్యం. ట్రాష్‌మెన్‌కి ఆ నాలుగు సీడీలు రావడానికి కారణం, ఎవరో ఆ టేపులు పారేయకుండా ఉంచడం. మన ఆర్కెస్ట్రా కచేరీలను అప్పట్లో క్యాసెట్ల మీద రికార్డు చేసినవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. ఇప్పటికి మూడే దొరికాయి. ఒకదాని మీద "ఉగాది, రెండో వైపు, తబలా సోలో" అని పెన్సిల్‌తో రాసి ఉంది, టేపు మధ్యలో తెగింది. అతికించడం వచ్చిన సభ్యుడు ఒకరు ముందుకొచ్చారు. గ్యారేజీల్లో, అటకల మీద, అట్టపెట్టెల్లో ఒక్కసారి వెతకండి. లేబుల్ లేకపోయినా, పాడైపోయిందనిపించినా పారేయకండి, సర్వసభ్య సమావేశానికి తీసుకురండి. తలుపు పక్కన బల్ల మీద ఒక బుట్ట పెడతాం.

ఇట్లు,
కార్యదర్శి, సంగీత విభాగం