తపాలా మంత్రి గారికి: మా శరత్ సంచిక గడప దాటేదెప్పుడు?

కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ మంత్రివర్యులకు,

నమస్కారం. చిన్న పత్రికలను చవకగా పంపుకునే తపాలా దారి మూసుకుపోయిందన్న ఈ గోడు మీ శాఖకు కొత్త కాదు. పై అధికారులకు వినతిపత్రాలు ఇచ్చాం, ఫిర్యాదుల పోర్టల్‌లోనూ మొరపెట్టుకున్నాం. ఒక్కదానికే జవాబు వచ్చింది, 'పరిష్కరించబడినది' అని. ఏది పరిష్కారమైందో మాకైతే అర్థం కాలేదు. సంచికల కట్టలు ఇంకా మా గదిలోనే ఉన్నాయి. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాం.

మాది చిన్న త్రైమాసిక సాహిత్య పత్రిక. ప్రూఫులు దిద్దడం దగ్గర నుంచి రేపర్ల మీద చిరునామాలు రాయడం దాకా ఇన్నేళ్లూ ఒంటిచేత్తో నడిపిన పెద్దాయన ఈ ఏడాది బాధ్యత మాకు అప్పగించి తప్పుకున్నారు. కొత్త సంపాదకవర్గంలో కొందరికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. అచ్చులో తమ పేరు ఎన్నడూ చూసుకోనివారి కథలు వేశాం. పాత చందాదారుల కళ్లను తలచుకుని అక్షరం పెద్దది చేశాం, దానితో పేజీలు పెరిగాయి. ఎప్పుడో చందా మానేసినవారు కొందరు మళ్లీ కట్టారు. దసరాకు శరత్ సంచిక చేతికి అందుతుందని వాళ్లకు మాట ఇచ్చాం.

మేము మారుతుంటే మీ శాఖ ఊరుకుంటుందా? అదీ మారింది! అచ్చు పుస్తకాలను తక్కువ ధరకు పంపుకునే రిజిస్టర్డ్ బుక్ పోస్టు 2024 డిసెంబరు 18న మాయమైంది. ఆ తర్వాత రిజిస్టర్డ్ పోస్టును తీసుకెళ్లి స్పీడ్ పోస్టులో కలిపేశారు. 2025 అక్టోబరు 1న, అంటే సరిగ్గా విజయదశమికి ముందురోజు, స్పీడ్ పోస్టు కొత్త ధరలు వచ్చాయి. ఊరు దాటితే 50 గ్రాములకే 47 రూపాయలు, పన్ను అదనం. మా సంచిక 200 గ్రాముల పైమాటే. పన్నుతో కలిపి ఒక్కో ప్రతికి 60 రూపాయలు దాటుతుంది. సంచిక వెల వంద రూపాయలు. అందులో కాగితానికి ఎంత, అచ్చుకు ఎంత, తపాలాకు ఎంత అన్నది మీ ఆర్థిక సలహాదారులు ఎవరైనా కూర్చుని చెబితే నేర్చుకుంటాం.

వార్తాపత్రికలకు తపాలా రాయితీ ఉంది కదా అంటారేమో. 31 రోజులకు మించిన వ్యవధితో వచ్చేది వార్తాపత్రిక కాదని 2024 దాకా అమల్లో ఉన్న 1898 నాటి తపాలా చట్టంలోనే రాసిపెట్టారు. మూడు నెలలకోసారి వచ్చే మాకు ఆ రాయితీ ఏనాడూ దక్కలేదు. మాకు మిగిలిన దారి బుక్ పోస్టే, దాన్నే మూసేశారు.

2025 మే 1న పుస్తకాలను చవకగా పంపేందుకు జ్ఞాన్ పోస్ట్ తెచ్చారు, సంతోషం. 300 గ్రాముల దాకా 20 రూపాయలంటే నిజంగానే ఆశపడ్డాం. కట్టలు ఆటోలో వేసుకుని పోస్టాఫీసుకు వెళ్లాం. కౌంటరులోని ఉద్యోగి మర్యాదస్తుడే. ఒక ప్రతి తీసి ముందు అట్ట చూశాడు, ముద్రాపకుడి పేరు చూశాడు, తలూపాడు. వెనక అట్ట తిప్పి ఆగిపోయాడు. అక్కడ మా ఊరి బట్టల దుకాణం వారి దసరా శుభాకాంక్షలు ఉన్నాయి. వారిచ్చిన డబ్బుతోనే ఈసారి కాగితం కొన్నాం. "ప్రకటన ఉంటే తీసుకోకూడదండీ" అన్నాడు. నిబంధన అలాగే ఉంది, అతన్ని అనడానికి లేదు. పోనీ వెనక అట్టలు చింపేసి తెమ్మంటారా అని మాలో ఒకరు అడిగితే అతను కూడా నవ్వాడు. మాకు నవ్వు రాలేదు.

అమృతాంజనం అమ్మిన చేత్తోనే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1924లో 'భారతి' పెట్టారు. సాహిత్య పత్రిక ఎక్కడైనా అలాగే బతుకుతుంది మంత్రి గారూ, ఎవరో ఒక వ్యాపారి చేయూతతో. ప్రకటన లేని చిన్న పత్రిక కావాలంటే దాన్ని మీరే పోషించాలి. అదీ చేయరు, ఇదీ చేయనివ్వరు.

పీడీఎఫ్ పంపుకోవచ్చు కదా అని ఒక అధికారి సలహా ఇచ్చారు. మా చందాదారుల్లో సగానికి పైగా పదవీ విరమణ చేసిన బడిపంతుళ్లు, పల్లెల్లోని గ్రంథాలయాలు. ఫోను తెరలో నవలిక చదవమని వాళ్లకు ఆ సలహా మీరే చెప్పండి, మేము చెప్పలేం. తొలి కథ అచ్చయిన ఒక అమ్మాయి వాళ్ల నాన్నకు ప్రతి చూపించాలని రోజూ ఫోను చేస్తోంది. ఆమెకు ఏమని చెప్పాలో కూడా సెలవివ్వండి.

మేము అడిగేది ఉచితం కాదు. నెలపత్రిక కానంత మాత్రాన సాహిత్య పత్రికను సరుకుల పార్సిల్‌తో సమానంగా తూచకండి. జ్ఞాన్ పోస్ట్‌లో మాకు చోటివ్వండి, ఒకటి రెండు ప్రకటనలు ఉన్నా సరే. లేదా పాత బుక్ పోస్టునే తిరిగి తెండి. పేరు ఏదైనా పెట్టుకోండి, మాకు అభ్యంతరం లేదు. మోయగలిగిన ధర ఒకటి చెప్పండి, చాలు. హేమంత సంచికకు రచనలు అప్పుడే వచ్చేస్తున్నాయి. ఆలోపు చెప్పగలిగితే అచ్చుకు ఇవ్వాలో వద్దో తేల్చుకుంటాం.

దయచేసి ఈ లేఖను కూడా 'పరిష్కరించబడినది' అనకండి.

ఇట్లు,
ఒక త్రైమాసిక సాహిత్య పత్రిక సంపాదకవర్గం