శరీర భాగాల పేర్లు ఒంటి మీదే నేర్పించండి

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యార్థుల పేజీలో అనాటమీ పదాలను అక్షర క్రమంలో అచ్చువేస్తున్నారు. నర్సింగ్, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుల్లో కొత్తగా చేరిన పిల్లలు వాటిని కత్తిరించి పుస్తకాల్లో దాచుకుంటున్నారు. మొదటి ఏడాది వాళ్లకు పాఠం చెప్పే ట్యూటర్‌గా నాకు సంతోషమే. కానీ ఆ వరుసలో చదివితే బట్టీ తప్ప ఇంకేమీ రాదు. దయచేసి వరుస మార్చండి.

ముందు నిలబడే తీరు చెప్పండి. మనిషి నిటారుగా నిలబడి, చేతులు పక్కలకు వదిలేసి, అరచేతులు ముందుకు తిప్పి ఉంచితే అది అనటామికల్ పొజిషన్. రోగి బోర్లా పడుకున్నా, ముడుచుకు కూర్చున్నా దిక్కుల పేర్లన్నీ ఈ భంగిమను బట్టే చెబుతాం. కుడి, ఎడమ కూడా రోగివే, చూసేవాళ్లవి కావు. ఇది ఒంటబట్టకపోతే రేపు వార్డులో ఒక కాలికి చేయాల్సింది ఇంకో కాలికి చేసే ప్రమాదం ఉంది.

ఆ తర్వాత దిక్కులు. శరీరం నడిమి గీతకు దగ్గరైతే మీడియల్, దూరమైతే లేటరల్. కాళ్లూచేతుల్లో మొండేనికి దగ్గరిది ప్రాక్సిమల్, దూరంగా ఉన్నది డిస్టల్. మోచేయి భుజానికి డిస్టల్, మణికట్టుకు ప్రాక్సిమల్. దేనితో పోల్చి చెబుతున్నామో తెలియకుండా ఈ మాటలకు అర్థం లేదని పిల్లలకు ఇక్కడే తెలుస్తుంది.

ఇక ఎముకలు. ముంజేతిని బల్ల మీద వెల్లకిలా పెట్టమనండి. బొటనవేలి వైపున్నది రేడియస్, చిటికెనవేలి వైపున్నది అల్నా. మోచేతి మొన దగ్గర రెండో చేతి వేలు ఆనిస్తే అందేది అల్నాయే. అక్కణ్ణుంచి వేలు జార్చుకుంటూ వస్తే మణికట్టు దాకా చర్మం కిందే దాని అంచు తగులుతుంది. ఇప్పుడు అరచేయి బోర్లిస్తే అల్నా దాదాపు కదలదు, రేడియస్ దాని మీదుగా అడ్డంగా దాటుతుంది. ఇది ఒక్కసారి చేసి చూసిన పిల్లలు ఆ రెండు పేర్లనూ తారుమారు చేయడం నేను చూడలేదు. బొటనవేలి వైపు చూసే నాడిని రేడియల్ పల్స్ అని ఎందుకంటారో కూడా వేరే చెప్పక్కర్లేదు.

పెద్దవాళ్లలో 206 ఎముకలనగానే పిల్లలు బెదిరిపోతారు. మణికట్టు నుంచి వేళ్ల కొసల దాకా చేతికి 27, పాదానికి 26. రెండు వైపులా కలిపితే 106, అంటే సగానికి పైనే. ఒక చెయ్యి, ఒక పాదం వస్తే రెండోవి వచ్చినట్టే.

రోగాలు, ఆపరేషన్ల పేర్లను ముక్కలుగా విడగొట్టి చూపండి. చివర ‘ఐటిస్’ వస్తే వాపు, ‘ఎక్టమీ’ వస్తే తీసేయడం, ‘ఆస్టమీ’ వస్తే దారి ఏర్పరచడం. గాస్ట్రెక్టమీలో జీర్ణాశయాన్ని పూర్తిగానో కొంతో తీసేస్తారు. గాస్ట్రాస్టమీలో దానికి బయటి నుంచి దారి పెడతారు. వినడానికి దగ్గరగా ఉన్నా రోగికి ఎంత తేడానో చూడండి.

మరో విన్నపం. చిన్నపేగు చివరి భాగమూ ఇలియమే, తుంటి ఎముక పైభాగమూ ఇలియమే. ఇంగ్లిషులో ఒక అక్షరం తేడా ఉంది, మన లిపిలో అదీ ఉండదు. అచ్చువేసిన ప్రతిచోటా అది పేగో ఎముకో పక్కనే రాయండి.

ఇట్లు,
ఒక నర్సింగ్ ట్యూటర్